స్టెంట్ పడ్డాక సీఆర్పీ, సీబీపీ రిపోర్టులు ఎలా చూసుకోవాలి

గుండెపోటు వచ్చి, స్టెంట్ వేయించుకుని ఇంటికొచ్చిన వాళ్ల దగ్గర ఓ లావు ఫైలు ఉంటుంది. ఎకో, యాంజియో సీడీ, బిల్లులు, మందుల చీటీలు, వీటి మధ్యలో మూడు నాలుగు రక్త పరీక్ష కాగితాలు. వాటిలో సీఆర్పీ (ఒంట్లో వాపు, అంటే ఇన్‌ఫ్లమేషన్, ఉంటే రక్తంలో పెరిగే ప్రోటీన్) పక్కనో, సీబీపీ (రక్తకణాల లెక్క) కాగితంలో తెల్లకణాల పక్కనో 'హై' అని ఉంటుంది, ఇంట్లోవాళ్లకు టెన్షన్ అక్కడే మొదలవుతుంది. నేను నల్లగొండలో ల్యాబ్‌లో పనిచేస్తాను. "అన్నా, నాయినకు సీఆర్పీ గింత ఎక్కువొచ్చింది, మళ్లీ అటాక్ వస్తదా?" అని అడిగేవాళ్లు వస్తూనే ఉంటారు. ఆ రక్తం గుండెపోటు వచ్చిన ఎన్నో రోజున తీశారో తెలియకుండా ఆ ప్రశ్నకు జవాబు లేదు. రెండో రోజు 60 వస్తే ఒక అర్థం, రెండో నెలలో 6 వస్తే ఇంకో అర్థం, ఇంటికొచ్చాక మనం ఎక్కువ పట్టించుకోవాల్సింది ఆ 6నే.

మందులు మార్చడం, ఆపడం డాక్టరు పని, అందులో వేలు పెట్టొద్దు. కానీ ఆయన ముందుకు సరైన కాగితాలతో, సరైన ప్రశ్నలతో వెళ్తే పది నిమిషాల్లోనే చాలా పని జరుగుతుంది.

ముందు కాగితాలు పోగేయండి

మన దగ్గర గుండెపోటు కేసు ఒకే ఆస్పత్రిలో మొదలై అక్కడే ముగియడం తక్కువ. దేవరకొండలోనో అచ్చంపేటలోనో నొప్పి వస్తుంది, దగ్గర్లో ఈసీజీ తీస్తారు, పెద్దాస్పత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారు, అక్కడి నుంచి అంబులెన్స్‌లో హైదరాబాద్. స్టెంట్ వేసిన ఆస్పత్రి ఫైలు మీ దగ్గరే ఉంటుంది, మొదటి ఆస్పత్రిలో తీసిన రక్తం రిపోర్టు మాత్రం ఎక్కడో ఉండిపోతుంది. అది వెతికి తెచ్చుకోండి. గుండెపోటు తర్వాత ఎవరు ఎలా కోలుకున్నారని చూసిన అధ్యయనాల్లో చాలావరకు ఆస్పత్రిలో చేరిన రోజు తీసిన రక్తం మీదే లెక్క కట్టారు, కాబట్టి ఆ కాగితానికి విలువ ఎక్కువ. డిశ్చార్జ్ సమ్మరీలో తరచూ చివరి రోజు అంకెలే ఉంటాయి. ఒరిజినల్ ఇవ్వమంటే జిరాక్స్ అడగండి, అదీ కాకపోతే ఫోన్లో ఫొటో తీసుకోండి, తేదీ, రక్తం తీసిన టైం కనబడేలా.

తర్వాత ఒక నోటుబుక్‌లో వరుసగా రాయండి: తేదీ, నొప్పి మొదలై ఎన్ని గంటలు లేదా ఎన్ని రోజులు, తెల్లకణాలు మొత్తం ఎన్ని, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం ఎంత శాతం, లింఫోసైట్స్ అనే రకం ఎంత శాతం, సీఆర్పీ ఎంత, దాని యూనిట్ ఏంటి. చివర్లో ఒక గడి ఖాళీగా ఉంచి ఆ వారంలో జ్వరం, దగ్గు, పుండు, పంటి నొప్పి ఏమైనా ఉన్నాయా, ఏ సూది వేయించుకున్నారు అన్నది అందులో రాయండి. ఈ చివరి గడి చాలామంది రాయరు, డాక్టరుకు ఎక్కువ పనికొచ్చేది మాత్రం అదే.

ట్రోపోనిన్‌ను ఈ వరుసలో కలపొద్దు. అది గుండె కండరం ఎంత దెబ్బతిన్నదో చెప్పే పరీక్ష, వాపు ప్రక్రియ సంగతి చెప్పదు. ఈఎస్ఆర్ (వాపును చూపే ఇంకో రక్త పరీక్ష) ఉంటే రాసుకోండి కానీ దాని మీద పెద్దగా ఆధారపడొద్దు, రక్తహీనత ఉన్నా, వయసు పెరిగినా అది పెరుగుతుంది, మన ఊళ్లలో ఆడవాళ్లలో రక్తహీనత ఎంత ఎక్కువో తెలిసిందే కదా.

మొదటి వారం అంకెలు ఎందుకలా ఉంటాయి

రక్తనాళం మూసుకుపోయి గుండె కండరంలో కొంత భాగం చచ్చిపోయినప్పుడు శరీరం ఆ చోటును శుభ్రం చేయడానికి తెల్లకణాలను పంపుతుంది. ముందు న్యూట్రోఫిల్స్ వస్తాయి, గంటల్లోనే. అదే సమయంలో నొప్పి, భయం, ఒత్తిడి వల్ల కార్టిసాల్ అనే హార్మోన్ పెరిగి లింఫోసైట్స్ తగ్గుతాయి. తర్వాత వేరే రకం కణాలు వచ్చి చచ్చిన కండరాన్ని తీసేస్తాయి, ఆ చోట కొన్ని వారాల పాటు మచ్చ గట్టిపడుతుంది. ఇదంతా జరగాల్సిందే, ఇది లేకపోతే గాయం మానదు. ఎంత పెద్ద భాగం దెబ్బతింటే అంత ఎక్కువ వాపు, అందుకే మొదటి రోజుల్లో ఈ అంకెలు మరీ ఎక్కువున్న వాళ్లలో గుండె బలహీనపడటం, ప్రాణాపాయం ఎక్కువగా కనిపించాయి. స్టెంట్‌తో పెద్ద నాళం తెరుచుకున్నా లోపలి సన్న నాళాల్లోకి రక్తం సరిగా పారని పరిస్థితి కూడా అలాంటి వాళ్లలో ఎక్కువ.

సీఆర్పీ కాలేయంలో తయారవుతుంది, రావడానికి టైం తీసుకుంటుంది. నొప్పి మొదలైన రెండు గంటలకే రక్తం తీస్తే గుండెపోటు ఎంత పెద్దదైనా సీఆర్పీ మామూలుగా ఉండొచ్చు. రెండు మూడు రోజులకు అది శిఖరానికి చేరి, తర్వాత దిగుతుంది. తొందరగా ఆస్పత్రికి చేరి నాళం తొందరగా తెరుచుకున్న వాళ్లలో ఆ శిఖరం తక్కువ ఎత్తులో ఉంటుంది. ఇక్కడొక సంగతి గమనించండి: నొప్పి వచ్చిన రెండు గంటల్లోపే తీసిన రక్తంలో సీఆర్పీ బాగా ఎక్కువుంటే అది ఈ గుండెపోటు వల్ల పెరిగింది కాదు, అంతకుముందే ఒంట్లో ఏదో ఉంది. ఆ మాట డాక్టరుతో తప్పకుండా చెప్పాలి.

సీబీపీ నుంచి లెక్క ఎలా తీయాలి

దీనికి కొత్త పరీక్ష, కొత్త ఖర్చు ఏమీ అక్కర్లేదు. గుండెపోటుతో చేరిన ప్రతి ఒక్కరికీ సీబీపీ తీస్తారు. అందులో డిఫరెన్షియల్ కౌంట్ అనే భాగం చూడండి. కొన్ని ల్యాబుల్లో న్యూట్రోఫిల్స్ అని ఉంటుంది, చాలా చిన్న ల్యాబుల్లో ఇప్పటికీ పాలిమార్ఫ్స్ అని రాస్తారు, రెండూ ఒకటే. ఆ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగించండి. దీన్ని డాక్టర్లు ఎన్ఎల్ఆర్ అంటారు.

ఉదాహరణకు చేరిన రోజు పాలిమార్ఫ్స్ 84, లింఫోసైట్స్ 10 ఉంటే 8.4. నెల తర్వాత 60, 32 ఉంటే దాదాపు 1.9. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఇది సాధారణంగా 1 నుంచి 3 మధ్యలో ఉంటుంది. మొదటి రోజు 8 ఉండి నెలకు 2కు దిగితే వాపు చల్లబడిందని అర్థం, మీ నోటుబుక్‌లో కనబడాల్సింది ఈ దిగుడే. మొదటి రోజు 8 అని చూసి ఇంటర్నెట్‌లో వెతికి, ఎక్కడో 5 దాటితే ప్రమాదం అని చదివి నిద్ర పాడుచేసుకోవద్దు. ఒక్కో అధ్యయనం ఒక్కో గీత గీసింది, ఒకరికి 4, ఇంకొకరికి 6, అందరూ ఒప్పుకున్న గీత లేదు. పైగా ఆ గీతలు వందల మందిని కలిపి చూసినప్పుడు పనికొస్తాయి, మంచం మీదున్న మీ ఒక్క మనిషి భవిష్యత్తు వాటితో చెప్పలేం. ఆయన ఎకోలో ఈఎఫ్ (గుండె రక్తాన్ని బయటికి పంపే శాతం) ఎంతుంది, కిడ్నీలు ఎలా ఉన్నాయి, షుగర్ ఎంతుంది, ఎన్ని గంటలకు ఆస్పత్రికి చేరారు అన్నవి దీనికంటే ఎక్కువ చెబుతాయి.

లోపల పనిచేసే మనిషిగా ఇంకో మాట. మిషన్ లేని చోట మేం స్లైడ్ మీద రక్తం చుక్క పరిచి, రంగు వేసి, మైక్రోస్కోప్ కింద వంద తెల్లకణాలను ఒక్కొక్కటిగా చూసి, ఇన్ని పాలిమార్ఫ్స్, ఇన్ని లింఫోసైట్స్ అని లెక్కపెడతాం. అదే స్లైడు ఇంకొకరు లెక్కపెడితే నాలుగైదు తేడా రావడం మామూలే. లింఫోసైట్స్ 10 బదులు 13 వచ్చాయంటే భాగహారంలో 8.4 కాస్తా 6.2 అవుతుంది (అప్పుడు పాలిమార్ఫ్స్ 81 అనుకుందాం). అందుకని చిన్న చిన్న తేడాలకు అర్థాలు వెతకొద్దు. వీలైతే మళ్లీ మళ్లీ ఒకే ల్యాబులో చేయించండి.

స్టెరాయిడ్ సూది వేయించుకున్నా, స్టెరాయిడ్ గోళీలు వాడుతున్నా పాలిమార్ఫ్స్ పెరిగి లింఫోసైట్స్ తగ్గుతాయి, గుండెతో సంబంధం లేకుండానే ఈ లెక్క ఎక్కువొస్తుంది. ఆస్తమాకు, ఒళ్లు నొప్పులకు సూది వేయించుకున్న వాళ్లు ఆ విషయం రాసి పెట్టుకోండి.

సీఆర్పీ చదివేటప్పుడు యూనిట్ దగ్గర ఆగండి

ఇక్కడ చాలామంది భయపడేది యూనిట్ చూడకపోవడం వల్లే. ఒక ల్యాబు లీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది, ఇంకో ల్యాబు డెసీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఇస్తుంది. డెసీలీటరు లెక్కలో 1.2 అంటే లీటరు లెక్కలో 12. హైదరాబాద్‌లో 1.2 వచ్చింది, ఇక్కడికొచ్చాక 12 అయింది, పది రెట్లు పెరిగిందని ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లు ఉన్నారు. రెండూ ఒకటే. నోటుబుక్‌లో అన్నీ లీటరు లెక్కలోకి మార్చి రాసుకోండి, డెసీలీటరులో ఉంటే పదితో గుణించండి, అంతే.

రెండోది, మామూలు సీఆర్పీ వేరు, చాలా తక్కువున్నా పట్టుకునే హెచ్ఎస్-సీఆర్పీ వేరు. ఇన్‌ఫెక్షన్ ఉందా లేదా చూడటానికి మామూలుది చాలు. కొన్ని చోట్ల స్లైడు మీద కలిపి చూసే పద్ధతిలో 'పాజిటివ్', 'నెగెటివ్' అని మాత్రమే రాసిస్తారు, నెలలు గడిచాక గుండె సంగతి తెలుసుకోవడానికి ఆ కాగితం పనికిరాదు. డాక్టరు హెచ్ఎస్-సీఆర్పీ రాస్తే ల్యాబులో రక్తం ఇచ్చే ముందే "ఇది హెచ్ఎస్సే కదా" అని అడగండి.

హెచ్ఎస్-సీఆర్పీలో లీటరుకు 1 మిల్లీగ్రాము కంటే తక్కువ ఉంటే మంచిది, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అని పెట్టుకున్నారు. 10 దాటిందంటే గుండె లెక్క పక్కన పెట్టి ముందు ఇన్‌ఫెక్షన్ ఏమైనా ఉందేమో చూడాలి, అది తగ్గాక మళ్లీ తీయాలి. గుండెపోటు వచ్చిన మొదటి నెలలో ఈ పరీక్ష చేయించడం డబ్బు దండగ, గాయం ఇంకా మానుతూనే ఉంటుంది. నెలన్నర, రెండు నెలలు ఆగి, జ్వరం జలుబు లేని రోజు చూసుకుని, రెండు వారాల తేడాతో రెండుసార్లు తీసి సగటు చూస్తే నమ్మొచ్చు. సీఆర్పీకి పరగడుపున రావాల్సిన పని లేదు. కొలెస్ట్రాల్, షుగర్ కూడా కలిపి తీస్తున్నారా అన్నది మాత్రం ముందే అడగండి. ప్రభుత్వ ఆస్పత్రిలో చూపించుకునే వాళ్లు బయట డబ్బులు పెట్టే ముందు, తెలంగాణ డయాగ్నొస్టిక్స్ కింద ఏ పరీక్షలు ఉచితంగా అవుతాయో అక్కడే కనుక్కోండి.

రెండు నెలలైనా దిగకపోతే

రక్తంలో ఉన్న సీఆర్పీ సగానికి తగ్గడానికి 19 గంటల దాకా పడుతుంది. అంటే కొత్తగా తయారవడం ఆగిపోతే కొద్ది రోజుల్లోనే ఖాళీ అయిపోవాలి. రెండు నెలల తర్వాత కూడా ఎక్కువుందంటే అది పాత గుండెపోటు నాటిది కాదు, ఇప్పుడు, ఈ వారం, ఒంట్లో ఏదో దాన్ని తయారు చేయిస్తోంది. రాత్రిపూట కుక్క మొరిగినట్టు, ఎవరో వచ్చారని అది చెబుతుంది, ఎవరొచ్చారో మనమే లేచి చూడాలి.

పళ్లతో మొదలుపెట్టండి. చిగుళ్ల నుంచి రక్తం, చీము, కదిలే పళ్లు, నోటి వాసన, ఇవి ఏళ్ల తరబడి ఉన్నా ఎవరూ జబ్బు కింద లెక్కేయరు. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి, స్టెంట్ ఉందని, రక్తం పల్చబడే గోళీలు వాడుతున్నారని ముందే చెప్పండి, పన్ను పీకడం కోసం ఆ గోళీలు సొంతంగా ఆపొద్దు. ఆపితే స్టెంట్‌లో గడ్డ కట్టొచ్చు, అది ప్రాణం మీదికి వస్తుంది.

షుగర్ ఉన్నవాళ్లు పాదాలు చూసుకోండి, వేళ్ల సందులు, మడమ పగుళ్లు, అరికాలు. పొలంలో చెప్పుల్లేకుండా తిరిగే వాళ్లకు స్పర్శ తగ్గి ముల్లు దిగినా తెలియదు. రెండు వారాలు దాటిన దగ్గు ఉంటే కళ్లె పరీక్ష చేయించండి, టీబీ ఇంకా మన మధ్యే ఉంది. మూత్రంలో మంట, పొద్దున లేవగానే చేతి వేళ్ల కీళ్ల వాపు, ఇవి కూడా చెప్పండి.

ఇక బీడీ, చుట్ట, సిగరెట్. స్టెంట్ పడ్డాక కూడా "రోజుకు రెండే" అనేవాళ్లు ఉంటారు. ఆ రెండు కూడా వాపును నిలబెడతాయి, గడ్డ కట్టే గుణాన్నీ పెంచుతాయి. పొట్ట చుట్టూ కొవ్వు కూడా సీఆర్పీని పెంచుతుంది, నడక మొదలుపెట్టి బరువు తగ్గించుకుంటే తగ్గుతుంది. ఎంత నడవాలన్నది ఎకో చూసి డాక్టరు చెబుతారు.

కొలెస్ట్రాల్ గోళీ వేసుకుంటున్నారా లేదా? నిజంగా? ఇది ఇంట్లోవాళ్లు గోళీల షీట్ తెరిచి చూడాలి. అటోర్వాస్టాటిన్, రోజువాస్టాటిన్ లాంటి స్టాటిన్లు కొలెస్ట్రాల్‌తో పాటు సీఆర్పీని కూడా తగ్గిస్తాయి. "కొలెస్ట్రాల్ నార్మల్ వచ్చింది కదా" అని మూడో నెలలో ఆపేసే వాళ్లు చాలామంది. ఆ నార్మల్ వచ్చింది గోళీ వల్లే. గుండెపోటు తర్వాత స్టాటిన్ వాడుతున్న వాళ్లను చూసి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, సీఆర్పీ 2 కంటే కిందికి దిగిన వాళ్లకు, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) ఎంతున్నా సరే, మళ్లీ గుండెపోటు రావడం తక్కువగా కనిపించింది.

నొప్పుల సూది సంగతి

నల్లగొండ జిల్లావాళ్లతో ఇది విడిగా మాట్లాడాలి. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు, మెడలు, మోకాళ్లు బిగుసుకుపోయిన తరం ఇంకా ఉంది. నీళ్లలోంచి పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి దేశమంతా మన జిల్లా పేరే పెట్టుకున్నారు, బాధ ఎంత పెద్దదో దాన్నిబట్టే తెలుస్తుంది. ఇప్పుడు కృష్ణా నీళ్లు వచ్చినా పాత ఎముకల నొప్పి పోదు. ఆ మనుషులే ఇప్పుడు అరవై దాటి గుండెపోట్లతో వస్తున్నారు. ఇంటికెళ్లిన పది రోజులకే పాత నొప్పి మొదలవుతుంది, ఊళ్లో ఆర్ఎంపీ దగ్గరికి వెళ్తారు, ఎప్పటిలాగే ఒక సూది, ఒక పొట్లం గోళీలు.

ఆ సూదిలో ఎక్కువగా ఉండేది డైక్లోఫెనాక్, కొన్నిసార్లు దాంతో పాటు స్టెరాయిడ్. గుండెపోటు వచ్చిన మనిషికి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటివి ప్రమాదం. మళ్లీ గుండెపోటు వచ్చే అవకాశం పెరుగుతుంది, రక్తం పల్చబడే గోళీలైన ఆస్పిరిన్‌తో, క్లోపిడోగ్రెల్ లేదా టికాగ్రెలార్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం అవుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, ఒంట్లో నీరు చేరి గుండె మీద బరువు పడుతుంది. ఐబుప్రోఫెన్ అయితే ఆస్పిరిన్ పనినే అడ్డుకుంటుంది. స్టెరాయిడ్ వల్ల షుగర్ పెరుగుతుంది, సీఆర్పీ మాత్రం తగ్గినట్టు కనబడుతుంది, అలా తగ్గిన నంబరు చూసి సంతోషపడితే లోపలున్న ఇన్‌ఫెక్షన్ దాక్కునే ఉంటుంది.

"వాపు ఉంటే వాపు తగ్గించే గోళీ వేసుకుంటే మంచిదే కదా" అని చదువుకున్న పిల్లలు కూడా అడుగుతున్నారు. కాదు. ఈ నొప్పి గోళీలు ఆపే వాపు దారి వేరు, గుండె నాళాల్లో హాని చేసే దారి వేరు. మీ ఆర్ఎంపీకి స్టెంట్ సంగతి చెప్పండి, డిశ్చార్జ్ సమ్మరీ చూపించండి, మనిషి మంచివాడే అయ్యుంటాడు, తెలిస్తే వేయడు. నొప్పికి పారాసెటమాల్ ఎంత వేసుకోవచ్చో గుండె డాక్టరునే అడిగి చీటీ మీద రాయించుకోండి. మలం తారులా నల్లగా వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లండి.

వాపు తగ్గించే కొత్త మందుల గురించి అడిగేవాళ్లకు

వాపు తగ్గిస్తే గుండెపోట్లు తగ్గుతాయా అన్నది 2017లో గట్టిగా తేలింది. గుండెపోటు వచ్చి, హెచ్ఎస్-సీఆర్పీ 2 లేదా అంతకంటే ఎక్కువున్న పది వేల మందికి పైగా మనుషుల్లో కెనకినుమాబ్ అనే ఇంజెక్షన్ పరీక్షించారు, క్యాంటోస్ అంటారు ఆ అధ్యయనాన్ని. కొలెస్ట్రాల్ జోలికి పోకుండానే గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 15 శాతం తగ్గాయి. కానీ ప్రాణాంతకమైన ఇన్‌ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాలు తగ్గలేదు, అందుకే ఆ మందు గుండెకు వాడకంలోకి రాలేదు.

తర్వాత గౌట్ అనే కీళ్ల జబ్బుకు వాడే పాత, చవక గోళీ కోల్చిసిన్ వంతు. 2019లో కోల్‌కాట్ అధ్యయనంలో గుండెపోటు వచ్చిన నెలలోపు 4,745 మందిని తీసుకుని, కొందరికి రోజుకు అర మిల్లీగ్రాము ఇచ్చారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణం లాంటి ఇబ్బందులు కోల్చిసిన్ ఇవ్వని వాళ్లలో 7.1 శాతం ఉంటే, ఇచ్చిన వాళ్లలో 5.5 శాతమే. 2024లో వచ్చిన ఇంకా పెద్ద అధ్యయనం, ఏడు వేల మందితో చేసింది, ఏ లాభమూ చూపించలేదు. డాక్టర్లలో అందరూ ఒకే మాట మీద లేకపోవడానికి కారణం ఇదే. మీ సీఆర్పీ తగ్గకుండా ఉంటే, కారణాలన్నీ వెతికాక, "సార్, కోల్చిసిన్ మాకు పనికొస్తుందా" అని అడగడంలో తప్పు లేదు. కిడ్నీ సమస్య ఉంటే ఇది ప్రమాదం, క్లారిత్రోమైసిన్ లాంటి కొన్ని యాంటిబయాటిక్స్‌తో కలిస్తే విషంగా మారొచ్చు, విరేచనాలు అవుతాయి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని వేసుకునే గోళీ కాదు.

ఏది ల్యాబు పని, ఏది ఆస్పత్రి పని

ఇంటికొచ్చిన కొన్ని వారాలకు జ్వరం, ఊపిరి గట్టిగా పీల్చినా వెల్లకిలా పడుకున్నా పెరిగి, ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గే ఛాతీ నొప్పి వస్తే, అది గుండె పొర వాపు కావొచ్చు. అప్పుడు సీఆర్పీ, ఈఎస్ఆర్ రెండూ బాగా పెరుగుతాయి. దీనికి మందులున్నాయి, తగ్గుతుంది, కానీ అదేనా కాదా అన్నది ఈసీజీ, ఎకో తీసి డాక్టరే చెప్పాలి. స్టెంట్ వేయడానికి గొట్టం పెట్టిన చేతి దగ్గర, తొడ దగ్గర ఎరుపు, వేడి, చీము ఉంటే, చలితో జ్వరం వస్తుంటే, పరీక్ష చీటీ కోసం ఆగకుండా అదే రోజు చూపించండి.

గుండె మధ్యలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చెమటలు, ఆయాసం, కళ్లు తిరగడం, వీటిలో ఏదొచ్చినా ల్యాబుకు రావొద్దు. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి లేకుండా ఒట్టి ఆయాసం, చెమటలే రావొచ్చు. ఆ గంటలో సీఆర్పీకి చెప్పడానికి ఏమీ ఉండదు, కావాల్సింది ఈసీజీ. 108కి ఫోన్ చేయండి, బస్సు కోసం, తెలిసినవాళ్ల కారు కోసం చూస్తూ కూర్చోవద్దు. డిశ్చార్జ్ సమ్మరీ, వాడుతున్న గోళీల షీట్లు, ఆ నోటుబుక్ ఒక సంచిలో వేసి తలుపు దగ్గర తగిలించి పెట్టండి, అర్ధరాత్రి ఎవరు వెంట వెళ్లినా చేతికి అందేలా.